పోవద్దనే ముసలోడి వేషం

నాకు దెయ్యం సినిమాలంటే ఇష్టం. చెప్పిన మాట వినని వాడు చస్తాడు. బయట అట్లా జరగదు. బయట మాట విన్నవాడే ముందు పోతాడు.

సారవ్వ పోయిన తర్వాత ఈ అలవాటు పట్టింది. సారవ్వ నా భార్య. కిడ్నీలు చెడిపోయి, కరీంనగర్ దవాఖానకు తిరిగి తిరిగి పోయింది. దినాలు అయ్యేదాకా ఇంటి నిండా చుట్టాలే. నెల తిరిగేసరికి నేనూ నా కొడుకు రుత్విక్ మిగిలాం. నా తమ్ముడు కొమురెల్లి పక్క గల్లీలోనే ఉంటాడు. తిన్నావా అని ఒక్క పూట అడగలేదు. అడగమని నేనూ పోలేదు. ఇక పోను.

ఇద్దరు మగవాళ్లున్న ఇంట్లో మాటలేం ఉంటాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వాడు ఫోన్లోంచి టీవీలోకి సినిమా పెడతాడు. ఇంగ్లీషువి, కొరియావి, తెలుగు మాటలు అతికించినవి. దేశాలు వేరైనా కథ ఒకటే. నలుగురైదుగురు పడుచు పిల్లలు కారేసుకుని ఊరవతల పాత బంగళాకు పోతారు. వాళ్లకు నౌకరి ఉండదు, పరీక్ష ఉండదు. తల్లిదండ్రులు ఫోనులో కూడా వినబడరు. దారిలో పెట్రోలు బంకు దగ్గరో, చాయ్ కొట్టు దగ్గరో ఒక ముసలోడుంటాడు. అటు పోవద్దు అంటాడు. వాళ్లు నవ్వుతారు, పోతారు, తాగుతారు. ఒకడు ఒంటికి పోతానని చీకట్లోకి నడుస్తాడు. అక్కడినుంచి లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క నాకు పట్టుబడింది. సినిమా మొదలైన కాసేపటికే ఎవరి తర్వాత ఎవరో చెప్పేవాణ్ణి. ప్రేమలో పడ్డ పిల్ల మొదట. జోకులేసేవాడు ఆ తర్వాత. తలా ఒక దిక్కు పోయి వెతుకుదాం అన్నవాడు వాడి వెనకే. తాగని పిల్ల, మెడలో దేవుడి బిళ్ల ఉన్న పిల్ల చివరిదాకా ఉంటుంది. రుత్విక్ నా లెక్కలకు ఊకొట్టేవాడు కాదు, కాదనేవాడూ కాదు. ఒకసారి మాత్రం అడిగాడు.

"బాపు, వాళ్లు సస్తుంటె నీకు ఖుషీనా?"

"చెప్తె ఇనకపాయిరి. సావరా మరి."

వాడు సౌండు పెంచాడు.

నేను బొగ్గు బాయిలో పని చేసినవాణ్ణి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి, తట్టతో బొగ్గు ఎత్తే పనిలో చేరాను. చివరికి దమ్ము ఆడక, బాయి మెట్లు ఎక్కలేక కూర్చున్నాను. మెడికల్ బోర్డు వాళ్లు ఛాతీ ఫోటో తీశారు, గొట్టంలో ఊదించారు, అన్‌ఫిట్ అన్నారు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి బిడ్డకు వస్తుంది. మా బొగ్గు ఊళ్లలో ఆస్తి అంటే అదే. ఉన్న ఇల్లు కంపెనీ క్వార్టరు, భూమి ఎప్పుడో పోయింది. నా ఊపిరితిత్తులు అక్కడ పెట్టి తెచ్చిన నౌకరి ఇది.

రుత్విక్‌కు ఆర్డరు వచ్చింది. మొదట కొన్నాళ్లు ట్రైనింగు, ఆ తర్వాత బాయి లోపల పని. వాడు బీటెక్ చదివాడు. హైదరాబాద్‌లో ఏదో ఆఫీసులో చేరి, తల్లిని డయాలసిస్‌కు తిప్పడానికి అది విడిచిపెట్టి వచ్చాడు. మళ్లీ పోలేదు. పెళ్లిళ్ల వీడియోలు కత్తిరించి అతికిస్తుంటాడు. ఆర్డరు వచ్చిన నాటినుంచి కాదనడు, ఔననడు. గడువు దాటితే నౌకరి పోతుంది, మళ్లీ ఇచ్చేవాడు లేడు. ఇది వాడికి తెలియక కాదు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"సినిమా అయిపోనీ బాపు."

సినిమా అంటే వాళ్లు తీస్తున్న సినిమా. యూట్యూబు కోసం దెయ్యం సినిమా. తీసేది జశ్వంత్. వాళ్ల నాన్న నరసింహమూర్తి గారు రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. వీళ్లిద్దరూ ఇంటర్ కలిసి చదివారు. మా గల్లీ చివర ఖాళీ చేయించిన క్వార్టర్ల వరుస ఒకటి ఉంది. ఓపెన్‌కాస్టు గని నేల పైనుంచి తవ్వుకుంటూ ఇటు జరుగుతున్నదని అక్కడివాళ్లను వేరే కాలనీకి మార్చారు. తలుపులు, కిటికీలు, పైరేకులు ఎవరికి అందినవి వాళ్లు పట్టుకుపోయారు. గోడలున్నాయి. గోడల మీద కాలెండరు మేకులు, పిల్లలు బొగ్గుతో రాసిన అఆలు ఉన్నాయి. అదే వీళ్ల దెయ్యాల బంగళా.

ముసలోడి వేషానికి మనిషి దొరకలేదట. నన్ను అడగడానికి రుత్విక్ రాలేదు. హర్షిణిని పంపారు. హర్షిణి మా పక్కింటి పోశవ్వ బిడ్డ. ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. సారవ్వకు చివరి రోజుల్లో ఎక్కడ గుచ్చినా నరం దొరికేది కాదు. డ్యూటీ అయ్యాక ఈ పిల్లే ఇంటికొచ్చి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూ తీసేది. అందుకని ఈమె మీద నేను కసురుకోలేను. ఈ గల్లీలో నేను కసురుకోలేనిది ఈమె ఒక్కతినే.

"రెండు దినాల పని కాక. నువ్వేం చెయ్యొద్దు. ఉన్నట్టుంటె సాలు. నీ మొఖం సూస్తెనే భయపడ్తరు."

"నేనేస్తె సినిమా జల్ది అయితదా?"

"ఖతమే ఇగ."

"అయినంక వీడు డ్యూటీ ఎక్కాలె."

రుత్విక్ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. గోడ వైపు చూసి, "ఎక్కుత" అన్నాడు. నాకు అది చాలు. ఒప్పుకున్నాను.

మర్నాడు మా అరుగు మీదే కూర్చుని కథ చదివారు. జశ్వంత్ చదివాడు. పద్ధతైన పిల్లవాడు, ప్రతి మాటకూ అంకుల్ అంటాడు. కథలో కొత్తదేం లేదు. నలుగురు స్నేహితులు సెలవులకు వస్తారు. పాత కాలనీలో రాత్రి గడుపుతామని పందెం వేస్తారు. ముసలోడు వద్దంటాడు. హర్షిణి మొదట చస్తుంది. ఎందుకంటే కథలో ఆమెకు ప్రేమికుడున్నాడు.

హర్షిణి ఊరుకోలేదు. పొద్దుగాల పోయి పొద్దుగూకేదాకా నిలబడి సూదులు గుచ్చుతానని, సినిమాలో మాత్రం తనకు పనీ పాటా ఎందుకు లేదని అడిగింది. పని ఉన్నవాళ్లు దెయ్యాల బంగళాకు ఎందుకు వెళ్తారని జశ్వంత్ అన్నాడు. పని లేని పాపానికి చంపుతావా అని ఆమె అన్నది. రూల్ అది, ఇలాంటి సినిమాల్లో చూసేవాళ్లు అదే ఎదురుచూస్తారు అని అతను సర్దిచెప్పబోయాడు.

"లవర్ ఉంటె సావాలె మరి" అన్నాను నేను.

"ఆహా. ఈ సినిమా తీసేటోనికి గూడ ఒక లవర్ ఉన్నది కాక. ఆయన మాత్రం కెమెరా ఎనుక సల్లగ ఉంటడు."

జశ్వంత్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు తిప్పాడు.

రుత్విక్‌ది జోకులేసేవాడి వేషం. ముసలోడు వద్దన్నప్పుడు అందరికంటే ముందు నవ్వేవాడు, రెండోవాడుగా చచ్చేవాడు. ఎవరు ఇచ్చారో గాని వింత వేషం ఇచ్చారు. వాడు జోకు వేయగా నేను వినలేదు. తల్లి పోయినప్పటినుంచి నవ్వగా చూడలేదు.

నలుగురిలో మిగతా ఇద్దరూ, కెమెరా పట్టేవాడూ జశ్వంత్ తెచ్చిన పిల్లలు. షూటింగు మధ్యాహ్నం పెట్టుకున్నారు. సాయంత్రం లోపల ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు చేస్తారు. సైరన్ కొడతారు, కాసేపటికి భూమి కింద ఢామ్మని పేలుతుంది, మా గిన్నెలు కదులుతాయి. మాకు అది గడియారం లాంటిది. జశ్వంత్ దాన్నే సినిమాలో వాడుకుంటానన్నాడు. పిల్లలు గుమ్మం దాటే సమయానికి గోడలు అదిరితే దెయ్యం కోపం అనుకుంటారట. పైసా ఖర్చు లేని దెయ్యం.

ముందు నా ముక్క నేర్పించారు. నేను కూలిన అరుగు మీద కూర్చుని ఉండాలి. నలుగురూ నవ్వుకుంటూ నా పక్కనుంచి పోతారు. వాళ్లు గుమ్మం దగ్గరికి చేరాక నేను వెనక నుంచి పిలవాలి. "ఓ పిల్లలూ, అటు పోకుర్రి. పోయినోళ్లు మల్ల రాలే." వాళ్లు ఆగి, ఒక్కొక్కరే తల తిప్పి చూస్తారు. రుత్విక్ నవ్వుతాడు. పోతారు. అంతే.

కారు జశ్వంత్ వాళ్ల నాన్నది. దిగారు, నడిచారు, నా పక్కనుంచి పోయారు. నేను పిలవలేదు.

మాట మరిచిపోయానని అనుకున్నారు. మళ్లీ చెప్పించారు. మళ్లీ నడిచారు. మాట నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. మూడోసారి వాళ్లు నన్ను దాటగానే నేను లేచాను. రెండు వరుసల మధ్య ఉన్న వెనక సందులోంచి పోయి, గుమ్మం ముందు తేలి, వాళ్లకు ఎదురుగా నిలబడి రొప్పుతూ చెప్పాను. పోకుర్రి, పోయినోళ్లు మల్ల రాలే.

కెమెరా పట్టుకున్న పిల్లవాడు ఎటు తిప్పాలో తెలియక నా ఖాళీ అరుగునే తీస్తూ నిలబడ్డాడు. అందరూ పగలబడి నవ్వారు. హర్షిణి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "దెయ్యం ఎందుకు కాక మనకు, నువ్వే మాయమై నువ్వే తేలుతున్నవ్." రుత్విక్ నవ్వలేదు. నా వైపు చూస్తూ ఉన్నాడు.

జశ్వంత్ ఓపికగా చెప్పాడు. వెనక నుంచి పిలిస్తేనే భయం వస్తుంది, ముందుకు వస్తే రాదు అన్నాడు.

"ఎనుక నుంచి పిలువ" అన్నాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. డ్యూటీకి బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. ఏ ఊళ్లోనైనా అది అపశకునమే. కాని పొలానికి పోయేవాడు పిలిస్తే ఆగి, ఏందని అడిగి, మళ్లీ నడుస్తాడు. బాయికి పోయేవాడు అట్లా కాదు. పిలుపు చెవిన పడితే ఇంటికి తిరిగి రావాలి, కూర్చోవాలి, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. కొందరు ఆ పూట డ్యూటీనే మానేస్తారు. మానేసి బతికినవాళ్ల కథలు, మానకుండా పోయి రానివాళ్ల కథలు ప్రతి గల్లీలో ఉన్నాయి. ఎంత నిజమని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

సారవ్వ నన్ను ఏనాడూ వెనక నుంచి పిలవలేదు. ఆమెకు మతిమరుపు. టిఫిన్ డబ్బా కట్టి పొయ్యి పక్కనే మరిచిపోయేది. నేను గల్లీ మలుపు తిరిగేసరికి వెనక సందులోంచి ఉరికొచ్చి నా ముందు నిలబడేది. కొంగు జారి, చెమట పట్టి, చేతిలో డబ్బా. డబ్బా ఇచ్చి పక్కకు జరిగేది. నేను తిట్టుకుంటూ పోయేవాణ్ణి.

ఇదంతా జశ్వంత్‌కు చెప్పలేదు. పద్ధతి మాత్రం చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "ఇది సినిమా కదా అంకుల్. వీళ్లేం బాయికి వెళ్లట్లేదు కదా."

"వీడు పోతడు. వచ్చే సోమవారం."

రుత్విక్ వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. హర్షిణే తెగ్గొట్టింది. "కాకను ముందే నిలవడనియ్యి. అన్ని సినిమాలల్ల ఎనుకనుంచే పిలుస్తరు. గిది కొత్తగుంటది."

జశ్వంత్ ఒప్పుకున్నాడు. నన్ను గుమ్మం ముందు నిలబెట్టి, కెమెరా ఇటు తిప్పించాడు. పిల్లలు నడిచి వస్తారు, నేను అడ్డంగా నిలబడి చెప్తాను. చెప్పాను. అతనికి నచ్చలేదు.

"మీ గొంతులో భయం లేదు అంకుల్. కోపం ఉంది."

"ఇనరని ఎరుకే గద. కోపమే ఉంటది."

"పోనీ, వీళ్లు మీ పిల్లలే అనుకోండి. మీ పిల్లలు చావుకు ఎదురుపోతున్నారు. అప్పుడు ఎలా చెప్తారు?"

"నా పిల్లలైతే పో అంట" అన్నాను. "పో అనే కూసున్న గద ఇంట్ల."

అన్నాక నాకే వినబడింది. సినిమాలో ముసలోడు వద్దంటాడు, పిల్లలు పోతారు. మా ఇంట్లో ముసలోడే పొమ్మంటున్నాడు. ఈ కథ ఏ దేశంవాడూ తీయడు. తీస్తే చూసేవాడు ఎవరు.

అప్పుడే సైరన్ మోగింది. జశ్వంత్ గాబరాగా అందర్నీ స్థానాల్లోకి తోలాడు. పేలుడు తప్పిపోతే మళ్లీ రేపే. నలుగురూ కారు దగ్గరినుంచి నడిచారు. రుత్విక్ ముందున్నాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా మాట నేను చెప్పాలి, వాడు నవ్వాలి, నన్ను తప్పించుకుని లోపలికి అడుగు పెట్టాలి, గోడలు అదరాలి.

వాడు నా దగ్గరికి వచ్చాడు. అంత దగ్గరగా వాడి మొహం ఈ మధ్య చూడలేదు. గడ్డంలో నాలుగు తెల్ల వెంట్రుకలున్నాయి. పాతికేళ్లు కూడా నిండలేదు. వాడు నన్ను తప్పించుకుని అడుగు లోపల పెట్టాడు, నేను మాట ఇంకా అననే లేదు, కింద పేలింది. గుమ్మం పై నుంచి పెచ్చులు రాలాయి. బాయిలో పైకప్పు చిటపటమంటే పక్కనున్నవాణ్ణి ముందు లాగుతాం, తర్వాత చూస్తాం. చెయ్యి దానంతట అది పోతుంది. వాడి చొక్కా వీపు మీద పట్టి గుంజాను. వాడు నా మీద పడ్డాడు.

"పోకు" అన్నాను.

జశ్వంత్ కట్ అనడం మరిచిపోయాడు. పెచ్చులు ఏ పాటివి, గుప్పెడు సున్నం. రుత్విక్ నెత్తి మీద తెల్లగా పడింది. వాడు దులుపుకోకుండా నిలబడ్డాడు. నేను వాడి చొక్కా విడిచిపెట్టి, దగ్గు తెరలో పడ్డాను. హర్షిణి నీళ్లు తెచ్చింది.

నా ముక్క అద్భుతంగా వచ్చిందన్నారు. నవ్వే ముక్క మాత్రం మిగిలిపోయింది. రుత్విక్‌ను విడిగా నిలబెట్టి నవ్వమన్నారు. రాలేదు. హర్షిణి చక్కిలిగింతలు పెట్టింది, చచ్చేవాడివి కాస్త నవ్వి చావమన్నది. వాడు పళ్లు చూపించాడు తప్ప నవ్వు రాలేదు. పొద్దు పోయింది. ఆ ముక్క లేకుండానే అతికిద్దాం అనుకుని అందరూ పోయారు.

ఆ రాత్రి నేను అన్నం వండాను, వాడు ఎల్లిపాయ కారం నూరాడు. ఇద్దరం కింద కూర్చుని తింటున్నాం. టీవీ పెట్టలేదు.

"సోమవారం పోత బాపు" అన్నాడు.

"మంచిది."

"మాట ఇచ్చిన గద. అందుకని కాదు. ఇంక ఏం చెయ్యొస్తదో నాకు గూడ తెల్వది." ముద్ద కలిపి కలిపి పెట్టాడు. "గని ఒకటి. ఇయ్యాల పోకు అన్నవ్. ఇంట్ల ఎన్నడు అనలే. ఒక్కసారి అనరాదు?"

"అంటె పోకుంట ఉంటవా?"

"పోత. అన్నా పోత."

"పొయ్యేటోనికి పోకు అనుడెందుకు?"

"గదే. ఎందుకో నాకు గూడ తెల్వది. అవ్వ ఉంటె అనేది."

తల్లి మాట ఎత్తగానే నాకు ఒళ్లు మండింది. "మీ అవ్వ ఎన్నడు అనలే. ముప్పై ఏండ్లు పోయిన నేను. ఒక్కనాడు అనలే."

"అనలే. ముందుకొచ్చి నిలవడేది."

"డబ్బా మర్సిపోయి."

రుత్విక్ తినడం ఆపాడు. "బాపు, ఒక్కనాడు మర్సిపోలే అవ్వ. నువ్వు చెప్పులేసుకునేదాక డబ్బాను కొంగు కింద పెట్టుకొని కూసునేది. నేను సూసేటోన్ని. ఇయ్యరాదే అంటె, ఊకో బిడ్డ, మీ బాపు ఒక్కసారి ఆగాలె, ఊకనే ఆగుమంటె ఆగడు అనేది."

నేను మెతుకులు చూస్తూ కూర్చున్నాను. వాడు కంచం తీసుకుని లేచాడు.

చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి కాదు. అన్నేళ్లు మతిమరుపు మనిషి అనిపించుకుని, నవ్వి పక్కకు జరిగింది గాని చెప్పలేదు. కొడుక్కు చెప్పింది, నాకు చెప్పలేదు. దీనికి కూడా నేనామెను క్షమించను.

సోమవారం రుత్విక్ జాయిన్ అయ్యాడు. పుష్పగుచ్ఛాలు లేవు, ఏమీ లేవు. ట్రైనింగుకు పోయి వచ్చాడు, పోయి వచ్చాడు. సాయంత్రాలు సినిమా అతికించే పని చేసేవాడు. టీవీలో దెయ్యం సినిమాలు పెట్టమని నేను అడగలేదు. ఒక రోజు వాడే పెట్టాడు. నలుగురు పిల్లలు కారు దిగారు. ముసలోడు వచ్చాడు. పిల్లలు నవ్వారు. ఎవరు ముందు పోతారని వాడు అడిగాడు. నాకు తెలియదన్నాను. కాసేపటికి నిద్ర వస్తుందని పోయి పడుకున్నాను.

ట్రైనింగు అయింది. బాయి దిగే మొదటి రోజు పొద్దున షిఫ్టు పడింది. నేను ముందే లేచి అన్నం, టమాట పప్పు వండి డబ్బా కట్టాను. వాడు కొత్త బూట్లు వేసుకుంటున్నాడు. టోపీ చంకలో పెట్టుకున్నాడు. నా చెయ్యి డబ్బా మీద ఉంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వాడు అటూ ఇటూ చూశాడో లేదో తెలియదు.

"పోయొస్త బాపు."

"ఊ."

గేటు చప్పుడైంది. బూట్ల చప్పుడు గల్లీలో దూరం పోతున్నది. ఒక చోట మెల్లగైంది. పిలిస్తే వినబడేంత దూరం. వాడు పిలుపు కోసం ఆగాడో, లేస్ ఊడిందో. పేరు నా నోట్లో ఉంది. పిలవలేదు. మళ్లీ చప్పుడు మొదలైంది.

డబ్బా పట్టుకుని వెనక తలుపు తీశాను. సందు ఇరుకు. పోశవ్వ వాళ్ల బట్టలు కడిగే బండ, కోళ్ల గూడు, విరిగిన స్కూటీ. సారవ్వ ఇటునుంచే ఉరికేది. నేను ఉరకలేను. నాలుగడుగులు వేస్తే దమ్ము అందదు. గోడ పట్టుకుని, నిలబడి, మళ్లీ నడిచి, మోరీ కాలువ మీది బండ దాటి రోడ్డు మీద తేలేసరికి కళ్ల ముందు నల్ల చుక్కలు. బస్సు అప్పటికే మలుపులో ఆగి హారన్ కొడుతున్నది. రుత్విక్ ఎదురుగా వస్తున్నాడు.

నన్ను చూసి ఆగాడు. నా మొహం చూశాడు. తర్వాత నా చేతిలో డబ్బా చూశాడు.

మాట రాలేదు. ఊపిరి లోపలికి పోతే కదా మాట బయటికి వచ్చేది. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఇంకో చేత్తో డబ్బా చాపాను. వాడు తీసుకోలేదు. నిలబడ్డాడు. బస్సు మళ్లీ హారన్ కొట్టింది. వాడు నిలబడే ఉన్నాడు.

"పోకురా" అన్నాను.

సరిగ్గా వినబడి ఉండదు. గాలే ఎక్కువ ఉంది అందులో. అయినా వాడు నవ్వాడు. పళ్లు చూపించడం కాదు, నవ్వు. వాళ్ల అవ్వ నవ్వు అది, ఎడమ పక్క ముందు మొదలై మొత్తం మొహానికి పాకేది. షూటింగు రోజు ఎంత చెప్పినా రాని నవ్వు.

"ఇన్న బాపు. జరుగు, బస్సు పోతది."

డబ్బా అందుకున్నాడు. నేను పక్కకు జరిగాను. వాడు పోయాడు.

సినిమాల్లో పిల్లలు కూడా ముసలోణ్ణి చూసి ఇట్లాగే నవ్వి పోతారు. వాళ్లకు పొగరని, బుద్ధి లేదని అనుకునేవాణ్ణి. తీసేవాళ్లూ అదే అనుకుని తీస్తారు. తర్వాత వరుసగా చంపుతారు. ఆ ముసలోడు ఏమవుతాడో ఏ సినిమాలోనూ చూపించరు. పోవద్దని చెప్పాక వాడికి పని ఉండదు.

బస్సు పోయింది. నేను మోరీ బండ మీద కూర్చున్నాను. దమ్ము రావడానికి చాలాసేపు పడుతుంది ఈ మధ్య. నా తమ్ముడు కొమురెల్లి పాలకు పోతూ నన్ను చూసి ఆగాడు.

"ఏమైందన్న? గిట్ల కూసున్నవ్?"

నేను బస్సు పోయిన దిక్కే చూశాను. వాడు కాసేపు చూసి పాలకు వెళ్లిపోయాడు. నేను లేవలేదు. షిఫ్టు విడవడానికి ఇంకా చాలా టైముంది.